నీళ్ల హీట్ పైపు: రాగి ఎక్కడ తప్పదు, అల్యూమినియం ఎక్కడ చాలు?

అనంతపురం దగ్గర ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడుపుతున్న ఒకాయన అడిగిన ప్రశ్న ఇది: “సోలార్ వాటర్ హీటర్ గాజు ట్యూబుల్లో పెట్టే హీట్ పైపులు సొంతంగా చేద్దామనుకుంటున్నా. లోపల నీళ్లే పోస్తాను. రాగి రేటు చూస్తే కొనడానికి చెయ్యి రావట్లేదు. అల్యూమినియం గొట్టంతో చేస్తే ఏమవుతుంది? పోనీ స్టెయిన్‌లెస్ స్టీలైనా ఫరవాలేదా? రెక్కలు, హెడర్ (పైపుల పై కొసలన్నీ కూర్చునే అడ్డ గొట్టం), ట్యాంకు ఏ లోహంతో చేయించాలి?”

సూటిగా చెప్పేస్తాను. నీళ్లు గానీ ఆవిరి గానీ తగిలే ప్రతి చోటా రాగే ఉండాలి. గొట్టం, పైన లావుగా ఉండే కొస (దీన్నే బల్బు అంటాం), రెండు చివర్ల మూతలు, లోపల జాలీ పెడితే ఆ జాలీ కూడా. అల్యూమినియం వద్దు, ఇనుము వద్దు, స్టెయిన్‌లెస్ కూడా వద్దు. గొట్టం బయట, పొడిగా ఉండే చోట మాత్రం అల్యూమినియం హాయిగా వాడుకోండి. రెక్కలకి అదే మంచిది. ట్యాంకు సంగతి వేరే, అది మీ బోరు నీళ్లని బట్టి ఉంటుంది. దాని గురించి చివర్లో చెప్తాను.

నేను 23 ఏళ్లుగా ఏసీ, ఫ్రిజ్ పనుల్లో ఉన్నాను. మధ్యలో పదేళ్లు సోలార్ హీటర్లు కూడా చేశాను. ఏ లోహానికి ఏ ద్రవం పొసుగుతుందో చెప్పే పట్టికలు అప్పుడూ ఉన్నాయి. వాటిని నమ్మక ఆరు పైపులు తగలేసుకుని, ఆ తర్వాత నమ్మినవాణ్ని.

పైపు పనిచేసే తీరు మీకు తెలిసే ఉంటుంది, అయినా రెండు ముక్కల్లో. గాలి మొత్తం లాగేసిన గొట్టంలో నాలుగైదు మిల్లీలీటర్ల నీళ్లుంటాయి. గాలి లేదు కాబట్టి ఆ నీళ్లు 30 డిగ్రీలకే మరుగుతాయి. ఆవిరి పైకెళ్లి బల్బులో మళ్లీ నీరవుతుంది, ఆ వేడి హెడర్‌లో పారే నీళ్లకి పోతుంది, చుక్కలు గోడ వెంట కిందికి జారతాయి. పంపు లేదు, కరెంటు లేదు. గొట్టం వాలుగా ఉండాలి, లోపల నీటి ఆవిరి తప్ప ఇంకే గ్యాసూ ఉండకూడదు. ఈ రెండోదాని దగ్గరే లోహం సంగతి వస్తుంది.

మనం షెడ్లలో తుప్పు అనగానే చిల్లు గురించే ఆలోచిస్తాం. “ఒక మిల్లీమీటరు మందం గోడ, పదేళ్లు తట్టుకోదా?” అని నేనూ అనుకున్నా. తట్టుకుంటుంది. గోడకి ఏమీ కాదు. కానీ నీళ్లతో కలిసిన అల్యూమినియం నీళ్లలోని ఆక్సిజన్‌ని పట్టుకుని హైడ్రోజన్‌ని వదిలేస్తుంది. ఆ హైడ్రోజన్ మన ఉష్ణోగ్రతల్లో ఎప్పటికీ నీరవ్వదు. కింది నుంచి ఎగసే ఆవిరి దాన్ని చీపురుతో ఊడ్చినట్టు ఊడ్చుకెళ్లి బల్బులో పోగేస్తుంది. ఆవిరి వెళ్లి చల్లబడాల్సిన చోట గ్యాసు కూర్చుంటే ఇంక ఆవిరికి చోటెక్కడ? గొట్టం కింద కాలిపోతూ ఉంటుంది, బల్బు చల్లగా ఉంటుంది.

ఎంత గ్యాసైతే పైపు ఆగిపోతుందో లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే ఈ లెక్క చూశాకే నాకు విషయం బుర్రకెక్కింది. 8 మి.మీ. గొట్టం, 1.7 మీటర్ల పొడవు అనుకుందాం. లోపలి ఖాళీ సుమారు 62 మిల్లీలీటర్లు. 14 మి.మీ. బల్బు ఆరు సెంటీమీటర్లుంటే అందులో ఖాళీ సుమారు 7 మిల్లీలీటర్లు. ఇప్పుడు కేవలం ఒక్క మిల్లీగ్రాము అల్యూమినియం నీళ్లతో కలిసి కరిగిందనుకోండి. కంటికి కనిపించదు, తూకానికి అందదు. అయినా దాన్నుంచి వచ్చే హైడ్రోజన్, మామూలు గాలి పీడనంలో 1.4 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. ఇంతేనా అనిపిస్తుంది కదా? కానీ 60 డిగ్రీల దగ్గర పైపులో పీడనం 0.2 బార్ మాత్రమే. అంత తక్కువ పీడనంలో అదే గ్యాసు ఉబ్బి సుమారు 7.7 మిల్లీలీటర్లు అవుతుంది. అంటే బల్బు మొత్తం మూసుకుపోయినట్టే. పొద్దున్నే 30 డిగ్రీల దగ్గరైతే అది 33 మిల్లీలీటర్లు, గొట్టంలో సగం!

ఇక్కడ చాలామంది అడిగే మాట ఒకటుంది: “మా ఇంట్లో సత్తుగిన్నెలో ముప్పై ఏళ్లుగా నీళ్లు కాస్తున్నాం, దానికేం కాలేదే?” కాలేదంటే, మూత తీసుంది కాబట్టి. అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర ఉంటుంది, అది కొంత కాపాడుతుంది, నిజమే. కానీ వేడి నీళ్లకి ఆ పొర నెమ్మదిగా మారుతూనే ఉంటుంది. సత్తుగిన్నె అడుగున నల్లబడటం మీరు చూసే ఉంటారు. గిన్నెలో పుట్టిన గ్యాసు వంటింటి గాలిలో కలిసిపోతుంది, ఎవరికీ తెలియదు. రెండు వైపులా మూసి వెల్డు చేసిన గొట్టంలో అది ఎక్కడికి పోతుంది?

నా ఆరు పైపుల కథ కూడా ఇదే. ఫ్రిజ్ పనికి తెచ్చిన అల్యూమినియం గొట్టం మిగిలితే దానితో చేశాను. మొదటి రోజు చూడాలి! కింద వేడి నీళ్లలో ముంచితే అర నిమిషంలో బల్బు చెయ్యి పెట్టనివ్వలేదు. రాగి అమ్మేవాళ్లంతా మనల్ని మోసం చేస్తున్నారు అనుకున్నా. వారం తిరక్కుండా బల్బు కొస చల్లబడింది, కింది భాగం మాత్రం వేడి. పది రోజులకి బల్బు మొత్తం పోయింది. ఒకదాన్ని నీళ్ల బకెట్‌లో ముంచి కొస కోశాను. వ్యాక్యూమ్ ఉంటే నీళ్లు లోపలికి పీల్చుకోవాలి. పీల్చుకుంది గానీ పైన బుడగ మిగిలింది. ఆ బుడగని బోర్లించిన గాజు గొట్టంలో పట్టి అగ్గిపుల్ల చూపిస్తే “టప్”మంది. హైడ్రోజనే. గొట్టం లోపల వేలు పెట్టి తుడిస్తే తెల్లటి జిగురు పొడి అంటింది. గోడ మందం మాత్రం కొత్త గొట్టంలో ఎంతుందో అంతే ఉంది.

రాగి ఈ పని చెయ్యదు. నీళ్లలోంచి హైడ్రోజన్‌ని తోసెయ్యగలిగే శక్తి రాగికి లేదు, లోహాల చురుకుదనం వరసలో అది హైడ్రోజన్ కన్నా కింద ఉంటుంది. మరి రాగి చెంబుకి చిలుం పడుతుంది కదా అంటారేమో. చిలుం పట్టాలంటే బయటి ఆక్సిజన్ కావాలి, తేమ కావాలి, కార్బన్ డయాక్సైడ్ కావాలి. గాలి తీసేసిన పైపులో తేమ ఉన్నా మిగతా రెండూ లేవు. నేను తొమ్మిదేళ్లు వాడిన పైపు ఒకటి, గాజు ట్యూబు పగిలి పక్కన పడేసింది, కోసి చూశాను. లోపల కొత్త పైసాలా ఎర్రగా ఉంది.

ఇనుము, స్టెయిన్‌లెస్ సంగతి. మామూలు ఇనుము కూడా హైడ్రోజన్ వదులుతుంది, అల్యూమినియం కన్నా నెమ్మదిగా, లోపల నల్లటి మాగ్నెటైట్ పొర కట్టుకుంటూ. చైనాలో బాయిలర్ల పొగలోని వేడిని రాబట్టడానికి ఇనుప గొట్టాల్లో నీళ్లు పోసిన హీట్ పైపులు వాడతారు. కానీ వాటికి లోపల ముందే పొర కట్టించాలి, తుప్పు ఆపే మందు కలపాలి, అప్పుడప్పుడు పోగైన గ్యాసు వదలాలి. ఇంటి మిద్దె మీద పెట్టేదానికి అదంతా ఎవరు చూస్తారు? స్టెయిన్‌లెస్ 304 ఇంకా నెమ్మది, కానీ ఆగదు. పైగా వేడిని ప్రసరింపజేయడంలో రాగిలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఇంకో చిక్కు: సోలార్ పైపు రోజూ 60, 70 డిగ్రీల్లోనే ఉండదు. ట్యాంకులో నీళ్లు లేనప్పుడు, ఊరెళ్లినప్పుడు, గాజు ట్యూబులో 200 డిగ్రీలు దాటిపోతుంది. పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందని మోటు లెక్క. 60 డిగ్రీల దగ్గర ఏళ్లు పట్టేది అక్కడ గంటల్లో జరుగుతుంది.

ఇది చిన్న షెడ్ల తంటా మాత్రమే అనుకోకండి. అలాస్కాలో 1977లో మొదలైన చమురు పైప్‌లైన్ కింద మంచు నేల కరక్కుండా ఒక లక్షా ఇరవై నాలుగు వేల దాకా హీట్ పైపులు పెట్టారు. ఉక్కు గొట్టం, లోపల అమోనియా, పైన అల్యూమినియం రెక్కలు. ఉక్కుకి అమోనియా పట్టికల్లో ‘పొసుగుతుంది’ అనే ఉంటుంది. అయినా కాలం గడిచాక కొన్నిటిలో హైడ్రోజన్ పోగై పైభాగం చల్లబడింది. ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో చూసి వాటిని గుర్తుపట్టాల్సి వచ్చింది.

టైటానియం, మోనెల్ (నికెల్, రాగి కలిసిన లోహం) నీళ్లకి బాగా పొసుగుతాయి. కానీ రాగి రేటు చూసి భయపడేవాళ్లం వాటి గురించి మాట్లాడుకోవడం అనవసరం. అల్యూమినియం లోపల నికెల్ పూత వేయిద్దామా అని కూడా నన్ను అడిగారు. సన్నటి పొడవాటి గొట్టంలో సూదిమొన రంధ్రం లేకుండా పూత వేయడం మనవల్ల కాదు. ఒక్క రంధ్రం ఉన్నా మళ్లీ మిల్లీగ్రాము లెక్కే.

అల్యూమినియమే కావాలంటే ద్రవం మార్చాలి. అసిటోన్‌తో, అమోనియాతో అల్యూమినియం చక్కగా ఉంటుంది. ఉపగ్రహాల్లో అల్యూమినియం, అమోనియా జంటే వాడతారు. మనకి పనికిరాదు. అమోనియాకి 50 డిగ్రీలకే 20 బార్ పీడనం వస్తుంది, 132 డిగ్రీలు దాటాక అసలు ద్రవంగా ఉండదు. అసిటోన్ అంటుకుంటుంది, పైగా గ్రాముకి అది మోసే వేడి నీళ్లలో నాలుగో వంతు.

రాగే వాడి కూడా పాడుచేసుకున్నవాళ్లున్నారు, అందులో నేనూ ఉన్నాను. ఒకసారి లోపల రాగి జాలీని గోడకి అదిమిపెట్టడానికి స్ప్రింగు కావాల్సి వచ్చింది. చేతికందిన మామూలు స్టీలు స్ప్రింగు దూర్చేశాను. రాగి పక్కన ఇనుము, మధ్యలో నీళ్లు: బ్యాటరీ పెట్టినట్టే. మూడు నెలలకి బల్బు చల్లబడింది. కోసి చూస్తే స్ప్రింగు నల్లగా, నీళ్లు కూడా నల్లగా. స్ప్రింగు కావాలంటే ఫాస్ఫర్ బ్రాంజ్‌ది పెట్టండి. నిజానికి వాలుగా పెట్టే సోలార్ పైపుకి జాలీ కూడా అవసరం లేదు, చుక్కలు వాటంతటవే జారతాయి.

ఇత్తడి మూతలు కూడా నేను మానేశాను. టార్చి మంటకి జింకు పొగలా లేచి జాయింటు గుల్ల అవుతుంది.

మూతల దగ్గరే ఇంకో దెబ్బ తిన్నాను, ఇది ఎక్కువమందికి తెలియదు. ఎలక్ట్రికల్ బస్‌బార్ తుక్కు ఉంటే లేత్ మీద తిప్పించి మూతలు చేయించాను. మంచి రాగి కదా అనుకున్నా. కరెంటు పనికి వాడే ఆ రాగిలో కొంచెం ఆక్సిజన్, కాపర్ ఆక్సైడ్ రూపంలో ఉంటుంది. గ్యాస్ మంటలోని హైడ్రోజన్ లోపలికి చొరబడి ఆ ఆక్సైడ్‌తో కలిస్తే ఆవిరి పుడుతుంది, అది రాగి రేణువుల మధ్య సన్నటి పగుళ్లు తెస్తుంది. నీళ్లు కారేంత పగులు కాదు. నెల రోజుల్లో వ్యాక్యూమ్ పోయేంత. అందుకే డీహెచ్‌పీ రకం రాగి తీసుకోండి, అంటే ఫాస్ఫరస్ వేసి ఆక్సిజన్ తీసేసినది. మార్కెట్లో దొరికే ఏసీ గొట్టం అదే. కొస మూతలకి కూడా అదే గొట్టం ముక్క నొక్కి వాడండి. పాత ఏసీల నుంచి తీసిన గొట్టం మాత్రం ముట్టుకోవద్దు. కంప్రెసర్ ఆయిల్ లోపల ఎంత కడిగినా పోదు, వేడికి విడిపోయి అదీ గ్యాసే అవుతుంది.

అతుకు రాగి ఫాస్ఫరస్ రాడ్డుతో బ్రేజింగ్ చేయండి. రాగికి రాగి అతికేటప్పుడు దానికి ఫ్లక్స్ అక్కర్లేదు, ఫ్లక్స్ లోపల మిగిలిపోయే భయం తప్పుతుంది. సీసం తగరం కలిసిన మామూలు సోల్డర్ 183 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది, ట్యాంకులో నీళ్లు లేకుండా గాజు ట్యూబు ఎండలో కాగే రోజున బల్బు ఊడి చేతికొస్తుంది.

బల్బు మందంలో పొదుపు చేయకండి. 250 డిగ్రీల దగ్గర లోపల నీటి ఆవిరి పీడనం 40 బార్ దాకా ఉంటుంది. వెడల్పు ఎక్కువ కాబట్టి సన్న గొట్టం కన్నా బల్బు గోడ మీదే ఎక్కువ బరువు పడుతుంది, అదే మందం పెడితే దాదాపు రెట్టింపు. పైగా బ్రేజింగ్ వేడికి రాగి మెత్తబడి ఉంటుంది. నేను గొట్టానికి 0.6, బల్బుకి 1 మి.మీ. పెడతాను. ఈ లెక్కన ఒక్కో పైపుకి సుమారు 235 గ్రాముల రాగి. 15 ట్యూబుల హీటర్‌కి మూడున్నర కిలోలు. రేటు కిలోకి చూసి భయపడ్డారు గానీ, ఒక హీటర్‌కి ఎంత పడుతుందో ఇప్పుడు లెక్క వేసుకోండి.

నింపేటప్పుడు నా పద్ధతి ఇది. గొట్టం లోపల ముందు కాస్టిక్ నీళ్లతో జిడ్డు వదిలించి, పల్చటి యాసిడ్‌తో ఒకసారి, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో మూడు నాలుగు సార్లు కడుగుతాను. నింపే నీళ్లు పది నిమిషాలు మరిగించినవే వాడతాను, ఎందుకంటే నీళ్లలో కరిగున్న గాలి కూడా లోపల గ్యాసే. ఏసీ వాళ్లు వాడే టూ స్టేజ్ వ్యాక్యూమ్ పంపుతో లాగి, పైన సన్న గొట్టాన్ని రెండు చోట్ల నొక్కి, కోసి, కొస బ్రేజ్ చేస్తాను. పంపు లేకపోతే కొంచెం ఎక్కువ నీళ్లు పోసి, కింద వేడిచేసి, పైనుంచి ఆవిరి జోరుగా వస్తుండగానే నొక్కేయొచ్చు. పనిచేస్తుంది, కానీ చేతులు కాలతాయి, పదింటిలో రెండు మూడు పోతాయి. బోరు నీళ్లు మాత్రం చుక్క కూడా వద్దు.

పైపు బాగుందో లేదో చెవితో తెలుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు గబుక్కున తలకిందులు చేయండి. లోపల గాలి లేకపోతే నీళ్లు నేరుగా కొసని కొట్టి గులకరాయి పడ్డట్టు “టక్”మంటాయి. గాలో గ్యాసో ఉంటే ఆ దెబ్బ మెత్తగా, గుడగుడమని వినిపిస్తుంది. తర్వాత కింద పది సెంటీమీటర్లు 70 డిగ్రీల నీళ్లలో ముంచి బల్బు పట్టుకోండి. మొదలు వేడిగా, కొస చల్లగా ఉందంటే లోపల గ్యాసు చేరినట్టే. చేసిన రోజు ఒకసారి, వారం పాటు ఎండలో ఖాళీ గాజు ట్యూబులో ఉంచి మళ్లీ ఒకసారి చూస్తే చాలు, చెడ్డవి బయటపడతాయి.

ఇక గొట్టం బయట. గాజు ట్యూబులో రాగి గొట్టాన్ని పట్టుకుని ఉండే రెక్క అల్యూమినియం రేకుదే పెట్టండి. రెండు వేర్వేరు లోహాలు తాకితే తుప్పు పడుతుంది అన్న మాట నిజమే, కానీ మధ్యలో తడి ఉంటేనే. ట్యూబు నోటికి సిలికాన్ రబ్బరు రింగు సరిగ్గా కూర్చుంటే లోపల పొడిగానే ఉంటుంది. నమ్మకం లేకపోతే పాత ల్యాప్‌టాప్ ఒకటి విప్పి చూడండి. ప్రాసెసర్ మీద నుంచి వెళ్లే బల్లపరుపు గొట్టం రాగి, చాలావాటిలో లోపల నీళ్లే ఉంటాయి. ఫ్యాను దగ్గర రెక్కలు తరచూ అల్యూమినియం.

హెడర్ రాగిదే చేయండి, బల్బు కూర్చునే పొడి గూడు కూడా రాగిదే. గూట్లో వేడి ప్రసరించే పేస్టు కొంచెం రాస్తే చాలు.

ట్యాంకు దగ్గర మీ అనంతపురం బోరు నీళ్లని గుర్తుపెట్టుకోవాలి. రాగి హెడర్‌లోంచి వచ్చే వేడి నీళ్లలో రాగి అయాన్లు కొన్ని ఉంటాయి. అవి జీఐ (జింకు పూత వేసిన ఇనుము) గోడ మీద అంటుకున్న చోటల్లా జింకుని, తర్వాత ఇనుముని తినేస్తాయి. కాకినాడ వైపు ఒక ఇంట్లో ఎవరో రాగి హెడర్‌కి నేరుగా జీఐ నిపిల్ బిగించారు. రెండేళ్లకి నేను వెళ్లి రెంచి పెట్టగానే నిపిల్ బిస్కెట్ విరిగినట్టు విరిగింది. రాగికి, జీఐకి మధ్య డైఎలక్ట్రిక్ యూనియన్ (రెండు లోహాల్నీ నేరుగా తాకనివ్వని జాయింటు) పెట్టాలి, అసలు ట్యాంకు జీఐది కాకపోతే ఇంకా మేలు. స్టెయిన్‌లెస్ 304 అందరూ వాడతారు, కానీ నీళ్లలో క్లోరైడ్ ఎక్కువుండి వేడి 60 దాటితే వెల్డు పక్కన పగుళ్లిస్తుంది. ఉప్పు బోరైతే 316ఎల్ తీసుకోండి, లేదా లోపల ఎనామెల్ పూత ఉన్న ఇనుప ట్యాంకు, మెగ్నీషియం రాడ్డుతో. ఆ రాడ్డు ఏడాదికోసారి తీసి చూడాలి, అరిగిపోతే మార్చాలి.

ముందు 15 చేయకండి. రెండు చేసి, వారం ఎండలో పెట్టి, చెవి దగ్గర తలకిందులు చేసి వినండి. “టక్” వినిపించకపోతే బ్రేజింగ్ ఫొటో, ఏ గొట్టం వాడారో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.